కుడి ముందు చక్రం

వేలూరు తోటపాళ్యంలో బ్రేకు మునిరాజ్ షెడ్డు ఎక్కడని అడిగితే చూపించని ఆటో డ్రైవరు ఉండడు. షెడ్డుకు బోర్డు లేదు. ఇంజను పని అతను ముట్టుకోడు, పెయింటు పని అసలే ముట్టుకోడు. ఎవరు ఏ బండి తెచ్చినా బ్రేకు ఒక్కటే చూస్తాడు. వాళ్ళది పొన్నై పక్కన పల్లె. ఇంటిల్లిపాదీ తాపీ పట్టినవాళ్ళే. మునిరాజ్ కూడా పదహారేళ్ళ దాకా సున్నం కలిపాడు. ఒకసారి లారీ షెడ్డుకు గోడ కట్టడానికి వచ్చి, లోపల జరుగుతున్న పని మీద కన్ను పడి, గోడ పూర్తయినా ఇంటికి పోలేదు. అది జరిగి నలభై ఏళ్ళు కావస్తోంది. ఇప్పుడు యాక్సిడెంటు అయిన బండిని చూసి "బ్రేకు బాగుండాది" అని అతను అన్నాడంటే పంచాయితీ అక్కడితో సరి.

తొంభై ఆరులో, ఆషాఢం నడిచే ఆడి నెలలో ఒక పొద్దున, గుడియాత్తం నుంచి ఒక చిన్న లారీ తాడు కట్టి పాత కారును లాక్కొచ్చింది. వెనకాలే వచ్చిన మారుతి కారులోంచి బాలచంద్రన్ దిగాడు. గుడియాత్తంలో నలభై మగ్గాలవాళ్ళు అతనికి నేస్తారు. మూడేళ్ళుగా అతని లుంగీలు సింగపూరుకూ దుబాయికీ పోతున్నాయి. చొక్కా జేబులో పెన్ను పక్కన విజిటింగ్ కార్డుల కట్ట కూడా చేరింది.

"మేస్త్రీ, మా నాయన బండి. గుర్తుండాదా? సంక్రాంతి తిరిగినాక మద్రాసులో పాత కార్ల ఊరేగింపు జరుగుతాదంట. దాంట్లో దీన్ని నేనే నడపాలని ఆశ. ఇంజను మా ఊర్లోనే చేయించినా. బ్రేకు మాత్రం నువ్వు తప్ప వేరేవాళ్ళు ముట్టకూడదన్నా," అన్నాడు.

నల్లటి మారిస్ మైనర్. యాభై నాలుగు మోడలు. అరక్కోణంలో ఒక రైల్వే ఆఫీసరు దగ్గర బాలచంద్రన్ తండ్రి దొరైస్వామి కొన్నది. మునిరాజ్‌కు గుర్తు లేకేం? దొరైస్వామి ఉన్నన్నాళ్ళూ దాని బ్రేకులు చూసింది అతనే. చివరిసారి చూసినప్పుడు దాని ముందు భాగం నలిగి, ఒక దీపం పగిలిపోయి ఉంది. ఎనభై నాలుగులో మాట అది.

యాక్సిడెంటు అయిన రోజు దొరైస్వామి భార్య చౌడేశ్వరమ్మ మద్రాసు నుంచి రైల్లో కాట్పాడికి వచ్చింది. డ్రైవరు కాశి ఆమెను ఎక్కించుకుని గుడియాత్తానికి బయలుదేరాడు. లత్తేరి దాటాక బండి ఉన్నట్టుండి కుడి పక్కకు తిరిగి కల్వర్టు గోడను గుద్దింది. కాశికి గీరుడు గాయాలు. చౌడేశ్వరమ్మ మోకాలి చిప్ప పగిలింది. ఆపరేషన్ చేసినా ఆ కాలు మళ్ళీ సరిగా వంగలేదు. అప్పటి నుంచీ చంకలో కర్రతోనే నడక.

మర్నాడు దొరైస్వామి బండిని ఇదే షెడ్డుకు లాగించాడు. కాశిని కూడా వెంట పిలుచుకొచ్చాడు. మునిరాజ్ నాలుగు చక్రాలూ పైకి లేపి చేత్తో తిప్పాడు. బొంగరంలా తిరిగాయి. పెడలు తొక్కించాడు, పట్టుకున్నాయి. కాలు తీయించాడు, వదిలేశాయి.

అప్పుడు కాశి ముందుకొచ్చాడు. ముప్పై ఎనిమిదేళ్ళ మనిషి, నుదుటి మీద పట్టీ. "అన్నా, మొదట బాగానే ఉండె. నాలుగైదు తూర్లు తొక్కినాక కుడి పక్క ముందు చక్రం విడవలేదన్నా. కాలిన వాసన వచ్చె. అమ్మను కూడా అడిగినా, వాసన వస్తా ఉండాది, కొంచేపు నిలిపేదా అని," అన్నాడు.

"కాలు తీసినాక కూడా పట్టుకునే ఉండేదానికి అది బ్రేకా, జలగా?" అన్నాడు మునిరాజ్.

షెడ్డులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. దొరైస్వామి నవ్వలేదు. నేరుగా ఆసుపత్రికి పోయి భార్యను అడిగాడు. వాడు ఏమీ చెప్పలేదని ఆమె అంది. ఇంకేముంది, కాశి బండి నడుపుతూ నిద్రపోయాడని తేలిపోయింది. దొరైస్వామి అతన్ని తీసేశాడు. గుడియాత్తంలో మరే షావుకారూ అతని చేతికి తాళం ఇవ్వలేదు. కాశి తన తండ్రి కూర్చున్న మగ్గం ముందుకే తిరిగిపోయాడని ఆ తర్వాత ఎవరో అన్నారు. మునిరాజ్ వారం తిరక్కుండానే ఆ సంగతి మరిచిపోయాడు. దొరైస్వామికి మాత్రం ఆ బండి మీద విరక్తి పుట్టింది. నలిగిన రేకు సరిచేయించి, నూలు గోదాములో నిలబెట్టి, మీద టార్పాలిన్ కప్పేశాడు. పన్నెండేళ్ళు అది అట్లాగే ఉండిపోయింది.

మునిరాజ్ నాలుగు డ్రమ్ములూ విప్పాడు. లైనింగులు కొత్తవి వేశాడు. చక్రాల దగ్గరి సిలిండర్లలో రబ్బరు కప్పులు మార్చాడు. మారిస్‌కు మాస్టర్ సిలిండర్ డ్రైవరు కాళ్ళ కింద, పలకల అడుగున ఉంటుంది. పలకలు ఊడదీసి దాన్నీ కడిగి, కప్పులు మార్చి బిగించాడు. ముందు చక్రాలకు పోయే రబ్బరు హోసులు మాత్రం పాతవే ఉంచాడు. వాటికోసం మద్రాసులో కార్ల విడిభాగాలు అమ్మే జి.పి. రోడ్డుకు చెప్పి పంపాలి. పైకి చూస్తే చీలిక లేదు, ఉబ్బు లేదు. గట్టిగానే ఉన్నాయి. తర్వాత చూసుకుందామనుకున్నాడు. కొత్త ఆయిలు పోసి, గాలి తీసి, సాయంత్రం చల్లబడ్డాక బండిని కాట్పాడి వైపు తీశాడు.

పాలారు వంతెన దాకా బండి పెళ్ళికూతురిలా నడిచింది. కాట్పాడి రద్దీలో నాలుగైదుసార్లు బ్రేకు తొక్కాల్సి వచ్చింది. ఊరు దాటాక స్టీరింగు కొంచెం కుడికి గుంజడం మొదలైంది. మళ్ళీ ఒకసారి తొక్కేసరికి గట్టిగా గుంజింది. పక్కకు ఆపి దిగాడు. కుడి ముందు చక్రం నుంచి మాడిన వాసన. చెంబులో నీళ్ళు చిలకరిస్తే సుయ్యిమంది.

లైనింగు బిగువుగా ఉందేమోనని అక్కడే కొంచెం వదులు చేద్దామనుకున్నాడు. టీ తాగి వచ్చేసరికి చక్రం చల్లారి, చేత్తో తిప్పితే హాయిగా తిరిగింది. అతనికి ఏదో గుర్తుకొచ్చినట్టయింది గానీ అదేమిటో చిక్కలేదు.

రెండోరోజు లైనింగు వదులు చేసి పోయాడు. అదే కథ. మాస్టర్ సిలిండర్‌లో పిస్టను తిరిగి రావడం లేదా అనుకుంటే, దానిదే దోషమైతే నాలుగు చక్రాలూ పట్టాలి. ఒక్కటే ఎందుకు పడుతుంది? మూడోరోజు ఆ చక్రం సిలిండర్లు మళ్ళీ విప్పాడు. లోపల అద్దంలా ఉన్నాయి. పిస్టను వేలితో నెడితే పోతోంది, వస్తోంది. ఎన్నిసార్లు విప్పినా షెడ్డులో బండి బంగారం. రోడ్డెక్కితే చాలు, వేషం మారుస్తోంది.

నాలుగో రోజు మునిరాజ్ ఒక నిర్ణయానికి వచ్చాడు. చల్లారనివ్వకూడదు. పట్టుకున్నప్పుడే, పట్టుకున్న చోటే చూడాలి. జాకీ, స్పానర్లు, ఆయిలు డబ్బా వెనక సీటులో వేసుకుని లత్తేరి రోడ్డున పోయాడు. కావాలనే మాటిమాటికీ బ్రేకు తొక్కాడు. ఆరోసారి తొక్కాక చక్రం పట్టేసింది. చింతచెట్టు నీడలో ఆపి జాకీ ఎత్తాడు. చక్రం రెండు చేతులతో తిప్పినా కదల్లేదు.

ముందుగా హోసు పై కొనలో, ఇనుప పైపుకు కలిసేచోట నట్టు వదులు చేశాడు. మాస్టర్ సిలిండర్ వైపు ఒత్తిడి ఉంటే ఆయిలు అక్కడ చిమ్మాలి. రెండు చుక్కలు కారి ఊరుకుంది. చక్రం కదల్లేదు. నట్టు బిగించి, ఇప్పుడు చక్రం దగ్గర గాలి తీసే నిప్పిలు విప్పాడు. ఆయిలు సర్రున ఎగిరి అతని ముంజేతి మీద పడింది. చక్రం తనంతట తాను అరచుట్టు తిరిగింది.

పైన ఒత్తిడి లేదు. కింద ఉంది. నడుమ ఉన్నది జానెడు రబ్బరు హోసు. పోయే ఆయిలును పోనిచ్చి, తిరిగి వచ్చేదాన్ని రానివ్వడం లేదు.

మునిరాజ్ ఆ వేడి చక్రం పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. నాలుగు రోజులుగా చిక్కనిది అప్పుడు చిక్కింది. మొదట బాగానే ఉంటుంది. నాలుగైదుసార్లు తొక్కాక కుడి ముందు చక్రం వదలదు. కాలిన వాసన వస్తుంది. చల్లారితే మళ్ళీ మామూలే. ఇది పన్నెండేళ్ళ కిందట ఒక మనిషి అతని ముందు నిలబడి వరసగా చెప్పిన మాట. అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. బ్రేకు పని తెలియనివాడు చూసింది చూసినట్టు చెప్పాడు. బ్రేకు పని తెలిసినవాడు నవ్వాడు.

షెడ్డుకు వచ్చి హోసు ఊడదీసి బల్ల మీద పెట్టాడు. బ్లేడుతో నిలువునా చీల్చాడు. లోపలి పొర ఒకచోట ఊడి, కొండనాలుకలా వేలాడుతోంది. మురికి తుడిచి వెలుతురుకు పెట్టాడు. సరిగ్గా ఆ చోటే, బయట, ఎదురెదురుగా పళ్ళు దిగిన గుర్తులు కనిపించాయి. నాలుగు గీతలు. రెండో గీతకూ మూడో గీతకూ నడుమ ఒక గీత పట్టే ఖాళీ.

మునిరాజ్ లేచి గోడకు తగిలించిన ప్లయర్ తీసుకొచ్చాడు. దాని దవడలో ఒక పన్ను విరిగి ఉంటుంది. ఎప్పుడు విరిగిందో అతనికే గుర్తు లేదు. గుర్తుల మీద పెట్టి చూశాడు. అచ్చు గుద్దినట్టు సరిపోయింది.

యాక్సిడెంటుకు మూడు వారాల ముందు ఆ చక్రం సిలిండరు కారుతోందని దొరైస్వామి బండి పంపాడు. కప్పు మార్చింది మునిరాజే. ఆ రోజుల్లో మంచి బ్రేకు ఆయిలు దొరకడం గగనం. ఒక డబ్బా కోసం మద్రాసు పోయే బస్సు కండక్టరును బతిమాలాల్సి వచ్చేది. చుక్క నేలపాలైనా ప్రాణం ఉసూరుమనేది. అందుకని సిలిండరు విప్పేముందు ఆయిలు కారకుండా హోసును ప్లయర్‌తో నొక్కిపెట్టేవాడు. అందరూ అట్లాగే చేసేవాళ్ళు. పైన ఏమీ కాదు. లోపల పొర నలిగి ఊడుతుందని ఎవరికి తెలుసు?

ఇప్పుడు వీధికి రెండు షాపుల్లో ఆయిలు డబ్బాలు పేర్చి పెట్టి ఉన్నాయి.

ఇంటికి పోయి భోజనం ముందు కూర్చుని అన్నం కెలుకుతూ ఉండిపోయాడు. భార్య గోమతి గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాడు.

ఆమె చారు గిన్నె పక్కకు జరిపింది. "పన్నెండేళ్ళు మూలన పడిన రబ్బరు కదా. అది ఆ తర్వాత చెడిపోయి ఉండొచ్చు కదా?" అంది.

"ఉండొచ్చు. నేనూ అట్లే అనుకుందామని చూసినా. కానీ వాడు చెప్పిన మాట ఉండాదే, అది అప్పటిదే కదా."

"సుమ్మా ఊరకుండు. వాళ్ళ బతుకు వాళ్ళు బతుకుతా ఉండారు. ఇప్పుడు పోయి చెప్తే ఆ మనిషికి పోయినవి తిరిగొస్తాయా? నీ పేరు మాత్రం పోతాది."

ఆమె మాటలో తప్పేమీ కనిపించలేదు అతనికి. హోసు చెత్తలో పారేస్తే కథ ముగిసేది. మద్రాసు నుంచి కొత్త హోసులు వచ్చాయి. వేశాడు. బండి నూలుపోగులా తిన్నగా పోయి తిన్నగా ఆగింది. అయినా చీల్చిన హోసు బల్ల మీది నుంచి తీయలేదు. ఎవరైనా డ్రైవరు వచ్చి ఫలానా చోట శబ్దం వస్తోంది అని మొదలుపెడితే, చేస్తున్న పని ఆగిపోయేది. కాశికి ఉత్తరం రాద్దామని ఒక మధ్యాహ్నం కాగితం తీశాడు. అతనికి వచ్చింది అరవ అక్షరాలు. మాట మాత్రం తెలుగులోనే వస్తోంది. అరవ అక్షరాల్లో తెలుగు మాట రాసి చదువుకుంటే అది ఎవరో వేరేవాళ్ళు చెప్పినట్టుంది. కాగితం మడిచి, మర్నాడు గుడియాత్తం బస్సెక్కాడు.

గుడియాత్తంలో నేతవీధి మొదట్లో ఉన్న టీకొట్టులో "డ్రైవరు కాశి ఇల్లు యాడ?" అని అడిగాడు.

"డ్రైవరా?" అన్నాడు టీకొట్టువాడు. పక్కనున్నవాడు అందుకుని, "తూంగుమూంజి కాశియా? నాలుగో ఇల్లు. తట్టి లేపు, లేస్తాడు," అన్నాడు. ఇద్దరూ నవ్వారు. అందులో పగేమీ లేదు. అరవంలో నిద్రమొహంగాడని అర్థం వచ్చే ఆ పేరు వాళ్ళకు ఇంటిపేరులా అలవాటైపోయింది.

కాశి గుంటమగ్గంలో కూర్చుని ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది. నీలంగళ్ళ లుంగీ సగం నేత మీద ఉంది. మునిరాజ్‌ను చూసిన వెంటనే గుర్తుపట్టాడు. అటూ ఇటూ ఆడుతున్న నాడె ఆపి, "రా అన్నా," అన్నాడు. భార్య అమ్మణి చాప పరిచింది.

మునిరాజ్ నిలబడే చెప్పాడు. హోసు తీసి అతని చేతికిచ్చాడు. పళ్ళ గుర్తులు చూపించాడు. ప్లయర్ తనదేనని చెప్పాడు. "నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉండాది కాశీ. చెరిచిందీ నేనే. బాగుండాదని చెప్పిందీ నేనే. నవ్విందీ నేనే," అని ఆగిపోయాడు.

కాశి ఆ రబ్బరు ముక్కను వెనకా ముందూ తిప్పి చూశాడు.

"నేను నిద్రపోయినాననే అనుకుంటా ఉండానన్నా," అన్నాడు చివరికి. "మొదట్లో లేదని కొట్లాడినా. ఏడాది, రెండేండ్లు. ఊరంతా అంటా ఉంటే మనసు తిరిగిపోతాది. వాసన వచ్చింది నిజమేనా? అమ్మను అడిగినాననుకుంటా ఉండానే, అడిగినానా? అమ్మే లేదన్నది కదా. ఆయమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. అట్లయితే నాకు కల వచ్చి ఉండాల. కల వచ్చిందంటే నిద్రపోయినట్టే కదా. ఇట్ల లెక్క సరిపెట్టుకున్నా. ఇప్పుడు నువ్వొచ్చి కాదంటే దీన్ని యాడ పెట్టుకునేది?"

అమ్మణి అప్పటిదాకా తలుపు దగ్గర ఉంది. "నిద్ర!" అంది. "పన్నెండేండ్లుగా ఈ మనిషికి రాత్రిపూట కన్ను మూతపడదు నాయనా. లేచి కూర్చుంటాడు. కాలు నేలకేసి తొక్కుతా ఉంటాడు. అట్లాంటి మనిషికి ఈ పేరు. నా కూతురు భారతి ఇస్కూలు నుంచి ఏడ్చుకుంటా వచ్చేది. నీకేం, నువ్వు ఒక్క మాట చెప్పి పోయినావు."

మునిరాజ్ తల వంచుకున్నాడు. ఆమె అనాల్సినదంతా అనేదాకా వంచుకునే ఉన్నాడు.

"నేనేం చెయ్యాల్నో నువ్వే చెప్పు కాశీ," అన్నాడు తర్వాత.

"నాకు చెప్తే ఏమొస్తాది?" అన్నాడు కాశి. "చెప్పాల్సిన తావులు రెండుండాయి. ఒకటి అమ్మ కాడ. ఇంకోటి ఈ వీధిలో."

శుక్రవారం పొద్దున మునిరాజ్ మారిస్‌ను తానే నడుపుకుంటూ బాలచంద్రన్ ఇంటి ముందు ఆపాడు. కాశి అప్పటికే వచ్చి గేటు బయట నిలబడి ఉన్నాడు. బాలచంద్రన్ సంబరంగా బండి చుట్టూ తిరిగాడు. విషయం వినేసరికి ఆ సంబరం దిగిపోయింది.

"ఇప్పుడెందుకు మేస్త్రీ అదంతా? నాయన కూడా లేడు. కాశికి ఏదన్నా చెయ్యాలంటే చేస్తా. అమ్మకు మాత్రం ఎందుకు పాతవన్నీ..."

"ఎవురురా అది?" అని లోపలి నుంచి కర్ర శబ్దం వచ్చింది. చౌడేశ్వరమ్మ వసారాలోకి వచ్చింది. గేటు దగ్గర కాశిని చూసి ఆగింది. ఊరి జాతరలోనూ, బజారులోనూ పన్నెండేళ్ళుగా ఎదురుపడిన ప్రతిసారీ ఆమే ముందుగా చూపు తిప్పుకునేది.

మునిరాజ్ మళ్ళీ మొదటి నుంచీ చెప్పాడు. ఆమె స్తంభానికి ఆనుకుని విన్నది. హోసు అడిగి తీసుకుని, లోపల వేలాడుతున్న పొరను గోటితో కదిపి చూసింది. దాన్ని తిరిగి ఇవ్వలేదు.

"వాడు అడిగినాడు," అంది.

బాలచంద్రన్ తల్లి మొహంలోకి చూశాడు.

"లత్తేరి కాడ. అమ్మా, కాలిన వాసన వస్తా ఉండాది, కొంచేపు నిలిపేదా అని అడిగినాడు. నాకూ వచ్చింది వాసన. ఇంటికి చుట్టాలొస్తా ఉండారు, పొద్దు పోతా ఉండాది, నిలపొద్దు పో అని నేనే అన్నా."

"అమ్మా!" అన్నాడు బాలచంద్రన్.

"ఉండురా. ఇంతకాలం ఊరకున్నా కదా, ఇప్పుడన్నా చెప్పనీ. మీ నాయన ఆసుపత్రికి వచ్చేటప్పుడే మండిపడతా వచ్చినాడు. వాడు నీకేమన్నా చెప్పినాడా అని గుడ్లురిమి అడిగినాడు. చెప్పినాడు, నేనే వినలేదు అంటే తప్పంతా నా మీద పడతాదని భయపడినా. లేదన్నా. ఒక్క మాటే కదా, నాలుగు దినాలు పోయినాక సరిచేద్దామనుకున్నా. అప్పటికే మీ నాయన వీణ్ణి తరిమేసినాడు. తర్వాత చెప్పేదానికి నోరు రాలేదు. ఏడు దాటింది, ఇంకో ఏడు దాటింది. ఈ కాలు నొచ్చినప్పుడంతా ఇది నాకు కావాల్సిందే అనుకునేదాన్ని."

కాశి గేటు తోసుకుని లోపలికి వచ్చాడు. మెట్టు దాకా వచ్చి, ఎక్కకుండా అక్కడే కూర్చుండిపోయాడు.

"అట్లయితే నేను అడిగినా," అన్నాడు.

"అడిగినావప్పా."

"అడిగినానా అమ్మా నేను? వాసన వచ్చిందని అడిగినానా?"

"అడిగినావు కాశీ. రెండు తూర్లు అడిగినావు."

కాశి మోకాళ్ళ మీద మొహం పెట్టుకున్నాడు. అతను ఏడుస్తున్నాడో లేదో పక్కనున్న మునిరాజ్‌కు కూడా తెలియలేదు. చేతులు మాత్రం ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. చాలాసేపటికి తల ఎత్తినప్పుడు అతని మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేదనిపించింది మునిరాజ్‌కు. తన జ్ఞాపకం తనకు తిరిగి దక్కిన మనిషి, దాన్ని పట్టుకుని చూసుకుంటున్నట్టు కూర్చున్నాడు.

చౌడేశ్వరమ్మ క్షమించమని అడగలేదు. అతనూ క్షమించానని అనలేదు. "మళ్ళా బండికి వస్తావా?" అని మాత్రం అడిగింది. "వొద్దమ్మా. ఈ ఇంటికి వొద్దు," అన్నాడు. ఆమె తలూపింది. అప్పుడతను వీధి సంగతి చెప్పాడు.

"మేస్త్రీ ఒక్కడు చెప్తే సగమే అవుతాది. నేనూ వస్తా," అందామె. బాలచంద్రన్ వద్దన్నాడు. వీధిలో నిలబడి చెప్పాల్సిన ఖర్మ ఏమిటన్నాడు. ఆమె చెప్పులు వేసుకుంది. ఇక చేసేది లేక కొడుకే ఆమెను మారిస్‌లో కూర్చోబెట్టాడు. కాశి ఎక్కలేదు. తన సైకిలు మీద ముందు పోయాడు.

నేతవీధిలో మగ్గాలు ఒకదాని తర్వాత ఒకటి ఆగాయి. షావుకారమ్మ కర్ర పట్టుకుని వచ్చి వీధి నడుమ నిలబడితే ఎవరు లోపల ఉంటారు? టీకొట్టువాడు కూడా గ్లాసు కడుగుతూ కడుగుతూ వచ్చాడు. మునిరాజ్ మూడోసారి చెప్పాడు. మూడుసార్లలో ఇదే కష్టమైంది. ఆ రెండు ఇళ్ళలో చెప్పినప్పుడు వినేవాళ్ళకు సంగతి తెలుసు. ఇక్కడ మగ్గం తప్ప బ్రేకు తెలియని ముప్పైమందికి, తన తప్పును వాళ్ళకు అర్థమయ్యేలా విడమరిచి చెప్పాలి. పోయే ఆయిలు పోతుందనీ, వచ్చేది రాదనీ, చల్లారితే మెల్లగా జారిపోయి మళ్ళీ బాగున్నట్టే కనబడుతుందనీ చెప్పాడు. ఒక ముసలాయన, "అట్లయితే మర్నాడు నువ్వు చూసేటప్పటికి దొంగ పారిపోయినట్టే కదా?" అన్నాడు.

"పారిపోయినాడు. వాణ్ణి కళ్ళారా చూసిన మనిషి చెప్తా ఉంటే నేను వినలేదు," అన్నాడు మునిరాజ్.

చౌడేశ్వరమ్మ రెండు వాక్యాలే చెప్పింది. కాశి నిద్రపోలేదు. నిలుపుతానంటే నేనే వద్దన్నా. అంతే. చెప్పి కర్ర తిప్పుకుని కారు వైపు నడిచింది. కొంతమంది కాశి వైపు చూశారు, కొంతమంది నేల వైపు చూశారు. టీకొట్టువాడు తడి గ్లాసును లుంగీకి తుడుచుకుంటూ నిలబడిపోయాడు. అమ్మణి గడపలో కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కింటామె వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

ఒక్కరోజులో మారిపోయిందేమీ లేదు. పన్నెండేళ్ళ నోటి అలవాటు అంత తొందరగా పోదు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు "తూంగుమూంజి" అని సగం పలికి, నాలుక కరుచుకుని "కాశి" అనేవాళ్ళు. వేలూరులో మునిరాజ్ షెడ్డుకు ఆ నెలా పై నెలా బండ్లు కొంచెం తగ్గాయి. బ్రేకు మునిరాజ్ తన తప్పు తానే చాటుకున్నాడని కొంతమంది ముక్కున వేలేసుకున్నారు. గోమతి ఒకసారి దెప్పింది, రెండోసారి దెప్పలేదు. బాలచంద్రన్ బండిని మద్రాసు ఊరేగింపులో నడిపాడు. చౌడేశ్వరమ్మను రమ్మంటే ఆమె పోలేదు.

సంక్రాంతితో మొదలైన తై నెల చివరలో ఒకరోజు షెడ్డు ముందు ఒక టెంపో ఆగింది. వెనక లుంగీల మూటలు. డ్రైవరు సీటులోంచి కాశి దిగాడు. వాళ్ళ వీధిలోనే నూలు వ్యాపారం చేసే లోగనాథన్ కొత్తగా కొన్న బండి అది. లైసెన్సు మళ్ళీ తీయించాననీ, వారానికి మూడు రోజులు తోలుతున్నాననీ, మిగిలిన రోజులు మగ్గమేననీ చెప్పాడు.

"బ్రేకు ఎడమకు గుంజతా ఉండాదన్నా. అదీ పొద్దున పూటే."

మునిరాజ్ చేతిలో స్పానరు ఉంది. టెంపో చక్రం వైపు ఒక అడుగు వేయబోయి ఆగాడు. స్పానరు పక్కన పెట్టి, స్టూలు లాగి అతనికి వేశాడు. తాను ఎదురుగా బల్ల మీద కూర్చున్నాడు.

"పొద్దున ఎన్ని గంటలకు తీస్తావు? తీసినాక మొదట యాడ తొక్కుతావు? అక్కడి నుంచి చెప్పు," అన్నాడు.

కాశి తీరిగ్గా కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు.